తేరిన నీళ్లు

సొహార్‌లో పొద్దున ఆరింటికే గోడలు వేడి.
లాబ్ తాళం నా దగ్గరే ఉంటుంది,
గాజు గొట్టాలు కడిగేది నేనే కాబట్టి.

ఖల్ఫాన్ తోట మట్టి సంచీలో వచ్చింది.
నిమ్మచెట్ల మట్టి. తోట వెనక గుట్ట మీద
ఎవరో ఎప్పుడో రాగి కరిగించి పారబోసిన నల్ల చిట్టెం.
వాన పడ్డ ఏడు వాగు దాన్ని చెట్ల దాకా తెస్తుంది.
మట్టికి బలమని ఆయన
మేకల ఎరువు బండ్లకొద్దీ తోలించాడు.
బలమొచ్చింది. నీళ్లలో రాగీ పెరిగింది.

మట్టిని నీళ్లలో గిలక్కొట్టి వడగడితే
డికాక్షన్ రంగు దిగింది.
ఆకు, పెంట, చచ్చిన వేరు
అన్నీ కరిగి పేర్లు పోగొట్టుకున్న రంగు.
"రాగి ఒంటరిగా తిరగదు," అంటుంది డాక్టర్ సలీమా,
"ఈ రంగు చెయ్యి పట్టుకునే తిరుగుతుంది."
ఆమెది అరబ్బీ, నాది జగిత్యాల హిందీ.
అందని చోట వేళ్లతో చూపించుకుంటాం.

తర్వాత కాల్షియం.
పది గొట్టాలు. ఒక చుక్క, రెండు, నాలుగు...
ఆరో గొట్టం దగ్గర నా చెయ్యి ఆగింది.
రంగు విరుగుతోంది.
పాలు విరిగినట్టు కాదు, ఇంకా నెమ్మదిగా,
పొగ తిరిగి పొయ్యిలోకి దిగుతున్నట్టు.
పైన నీళ్లు తేరుకున్నాయి.

మాది గీత పని ఇల్లు.
లొట్టి లోపల సున్నం పూస్తే
ఈత నీరా పులవదని తెలుసు.
ఎందుకని అడిగితే మా నాయిన,
"సున్నమాయె, గందుకే" అన్నాడు.
నలభై ఏళ్లు ఆ జవాబుతోనే గడిచాయి.

"రాగి తగ్గింది కదా మేడమ్?"
తగ్గింది. సగం పైనే. రంగుతోపాటు అడుగున కూర్చుంది.
కాగితం మీద రాసుకుంది కానీ ఆమె నవ్వలేదు.
సన్నటి కడ్డీ ఒకటి తేటనీళ్లలో ముంచింది.
చెయ్యి పట్టుకు తిరిగే రాగి దాని లెక్కలోకి రాదు,
విడిగా తిరిగేదే వస్తుంది.
అంకె పెరిగింది.

రెండు పనులు చేసిందట కాల్షియం.
రంగుని కూడగట్టి కిందికి లాగింది.
కిందికి రాని రంగులో
రాగి కూర్చున్న చోట తాను కూర్చుని
రాగిని లేపేసింది.

"ఖల్లివెల్లి," అన్నాను నోరు జారి.
సలీమా ఫక్కుమంది. వాళ్ల మాటే కదా,
ఆమెకి దాని అర్థం పోతే పోనీ అని.
మా రూములో దాని అర్థం మల్కయ్య.
కంపెనీ మూతపడి, పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండిపోయి,
బర్కా వైపు ఎక్కడో
రాత్రిళ్లు టైల్స్ పరిచే మల్కయ్య.

కాదులే. రాగి రాగే, మల్కయ్య మల్కయ్యే.
రాగికి ఆకలెయ్యదు,
పోలీసు బండి చప్పుడుకి దీపం ఆర్పదు.
అయినా ఆ అంకెని కాసేపు చూస్తూ నిలబడ్డాను.

"మరి వేళ్లు మాడతాయా?"
"తొందరెందుకు? వేరు గుమ్మంలోనూ కాల్షియమే కూర్చుంటుంది.
రాగిని లోపలికి పోనివ్వదు.
ఏది నెగ్గుతుందో మొలకలు చెప్పాలి."
లేపేసిందీ అదే. కాపలా కాసేదీ అదే.
దానికేమని పేరు పెట్టను?

పది గిన్నెల్లో బార్లీ గింజలు వేశాం.
గురువారం చూడాలి.

మధ్యాహ్నం ఖల్ఫాన్ ఫోను. నా నీళ్లెలా ఉన్నాయి?
తేటగా ఉన్నాయి, అన్నాను.
తేట అంటే మంచివనుకున్నాడు, అల్‌హమ్దులిల్లా అన్నాడు.
ఇంకో మాట చెప్పబోయేలోగా పెట్టేశాడు.

సాయంత్రం గొట్టాలన్నీ ఆసిడ్‌లో నానేశాను,
ఆరోది తప్ప.
దాని అడుగున వేలెడు గోధుమ మడ్డి,
పైన అద్దంలాంటి నీళ్లు.
కుదిపితే మళ్లీ కలుస్తుందేమోనని
నెమ్మదిగా, రెండు చేతుల్తో
అరలో పెట్టి తాళం వేశాను.